‘జీపు’ మాట ఎవరిది?

ప్రశ్న: ‘జనరల్ పర్పస్’లోని జీ, పీ అక్షరాలు కలిసి ‘జీపు’ అయిందని చాలాచోట్ల చదివాను. నిజమేనా? అది ఒక కంపెనీ సొంత పేరైతే, మనవాళ్లు పోలీసుల బండి ఏదైనా జీపనే ఎందుకంటారు?

జవాబు: ఆ వ్యుత్పత్తి మరీ నున్నగా ఉంది, అందుకే నాకు నమ్మకం లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డ్ తయారుచేసిన బండి పేరు జీపీడబ్ల్యూ. అందులో జీ అంటే ప్రభుత్వం కోసం చేసినది, పీ అంటే ముందు వెనక ఇరుసుల మధ్య 80 అంగుళాల దూరం, డబ్ల్యూ అంటే విల్లీస్ అనే మరో కార్ల కంపెనీ నమూనా. ‘జనరల్ పర్పస్’ అందులో ఎక్కడా లేదు. పైగా 1936లోనే పొపాయ్ బొమ్మల కథల్లో ఎక్కడికైనా దూరిపోగల ‘జీప్’ అనే వింత జంతువు ఉంది. సైన్యంలో కొత్తగా చేరినవారినీ, పరీక్షకు వచ్చిన కొత్త బండ్లనూ కూడా ఆ మాటతోనే పిలిచేవారు. 1941లో విల్లీస్ బండిని వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మెట్లు ఎక్కించి చూపించినప్పుడు, ఆ పేరు పత్రికలకెక్కి జనంలో పాకింది.

ఇక్కడ అన్యాయం జరిగింది బాంటమ్‌కు. 1940లో సైన్యం కోరిన తొలి నమూనాను చేసిచ్చింది పెన్సిల్వేనియాలోని ఆ చిన్న కంపెనీయే. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ వెళ్లాయి. ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా బండ్లు చేశాయి, బాంటమ్‌కు ట్రెయిలర్ల పని మిగిలింది. విల్లీస్ అంతటితో ఆగక, జీపును సృష్టించింది తామేనని ప్రకటనలు వేసుకుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ గొప్పలు కట్టిపెట్టమంది. అయినా 1950లో ట్రేడ్‌మార్కు విల్లీస్‌కే దక్కింది! సైనికుల నోట నలిగిన మాటకు అలా యజమాని పుట్టాడు.

యుద్ధం అయిపోగానే, 1945లో అదే బండి సీజే-2ఏ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. సీజే అంటే సివిలియన్ జీప్. వెనక తెరుచుకునే తలుపు, పెద్ద దీపాలు పెట్టి, పొలం దున్నుతుందని, ఇంజను శక్తితో యంత్రాలు కూడా నడుపుతుందని రైతులకు చెప్పి అమ్మారు. తర్వాత కంపెనీ చేతులు మారుతూ వచ్చింది. ఇప్పుడా పేరు స్టెలాంటిస్ అనే కార్ల కంపెనీది.

మరొకరి జవాబు: మీ రెండో ప్రశ్నకు సమాధానం బొంబాయిలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా అక్కడ విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టింది. దశాబ్దాలపాటు మన ఊళ్లకు తహసీల్దారు వచ్చినా, పోలీసులు వచ్చినా ఆ రకం బండిలోనే. మాట చివర ఉకారం చేరాక అది పూర్తిగా మనదైపోయింది: ‘జీపెక్కాడు’లో చక్కగా ఉత్వ సంధి. బొలెరో వచ్చినా ‘పోలీసు జీపు వచ్చింది’ అనేస్తాం. 2016లో అసలు బ్రాండు మన దేశానికి నేరుగా వచ్చినప్పుడు దాన్ని ‘జీప్’ అని పొల్లుతో రాయడం నాకు ముచ్చటేసింది. సొంత పేరుకు పొల్లు, జాతి పేరుకు ఉకారం!

పాత కథల్లో ‘జీపుకారు’ అని కూడా కనిపిస్తుంది. 1940ల పత్రికల్లో ఎవరికైనా దొరికితే ఆ వాక్యం ఇక్కడ పెట్టండి.