"నరంలేని నాలుక": ఏ నరం?

ప్రశ్న: మాట మార్చేవాళ్లను "నరంలేని నాలుక, ఎటైనా తిరుగుతుంది" అంటాం కదా. నాలుకకు నరాలుంటాయని బడి పిల్లలకి కూడా తెలుసు. మరి సామెత తప్పా, లేక అక్కడ నరం అంటే వేరే అర్థముందా?

జవాబు: వేరే అర్థమేనండి. మీ చెయ్యి చూసుకుంటే తేలిపోతుంది. అరచేతి వెనక నీలంగా ఉబ్బి కనిపించేవాటిని నరాలంటాం. సూది వేయబోతూ నర్సు "నరం దొరకట్లేదు" అనేది వాటి గురించే. అవి సిరలు, రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే గొట్టాలు. ఇప్పుడు పిడికిలి బిగించి మణికట్టు కాస్త లోపలికి వంచండి. తాళ్లలా పైకి లేచేవీ మనకి నరాలే, కానీ అవి కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు. ఇక మోచేతి లోపలి వైపు దేనికైనా తగిలినప్పుడు చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, అది అసలు నాడి. మూడింటికీ మనం వాడేది ఒక్క మాట.

సామెతలో ఉన్నది రెండోదని నా అభిప్రాయం. తమిళంలో నరంబు అంటే యాళ్ వాద్యానికి కట్టే తీగ కూడా. గ్రీకులో న్యూరాన్ అన్న మాటకీ మొదట స్నాయువు, వింటినారి అనే అర్థాలుండేవి. పట్టి ఉంచే తాడు లేదు కాబట్టి నాలుకకి అదుపు లేదు అన్నమాట. కొందరు "ఎముకలేని నాలుక" అనడం కూడా ఇదే దారి. "నరాలు తెగే ఉత్కంఠ"లోనూ తాడు బిగిసి తెగిపోయే ఊహే ఉంది. నిజం నాడులు టెన్షన్‌లో బిగుసుకోవు, బిగుసుకునేవి కండరాలు.

నాడిని గొట్టం అనుకోకండి. సన్నని పోగుల కట్ట అది. ఒక్కో పోగు ఒక్కో నాడీకణం నుంచి సాగిన తోక. వీపు కింది భాగంలో వెన్నుపాములో ఉన్న కణం తోక పాదం దాకా వెళ్తుంది, అంటే సుమారు మీటరు పొడవు! పోగు పొర గుండా సోడియం అయాన్లు లోపలికి దూకడంతో విద్యుత్ సంకేతం ముందుకు పాకుతుంది. మయలిన్ అనే కొవ్వు తొడుగున్న పెద్ద పోగుల్లో సెకనుకి 100 మీటర్లు దాటే వేగం, తొడుగు లేని సన్నపోగుల్లో మీటరో రెండు మీటర్లో. కాలి వేలు గుమ్మానికి కొట్టుకున్నప్పుడు ముందు దెబ్బ తెలిసి, ఒక క్షణం ఆగి మంటలాంటి నొప్పి రావడానికి కారణం ఇదే.

మరో సభ్యురాలు: అయితే నాలుకకు ఎన్ని నాడులున్నట్టు?

జవాబు: పుష్కలంగా ఉన్నాయమ్మా. మెదడు నుంచి వచ్చే 12 జతల కపాల నాడుల్లో నాలుగైదు దాని మీదే పనిచేస్తాయి. ముందు మూడింట రెండు వంతుల రుచి ఏడో నాడిది, స్పర్శ అయిదో నాడిది. వెనక భాగంలో రుచీ స్పర్శా రెండూ తొమ్మిదో నాడివి. నాలుకని ఆడించేది పన్నెండోది. ఒక్క కండరం మాత్రం పదో నాడి చేతిలో ఉంటుంది. డాక్టర్ నాలుక చాపమన్నప్పుడు అది ఏ పక్కకైనా వాలుతుందా అని కూడా చూస్తారు. పన్నెండో నాడే దెబ్బతింటే నాలుక దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది. "ఎటైనా తిరగడం" నాడులుండబట్టే. సామెతని శరీరశాస్త్రం ప్రకారం చదివితే పూర్తిగా తలకిందులు.

ఇంకొకరు: "నాడి పట్టుకు చూడటం" సంగతేమిటి? అక్కడ కొట్టుకునేది నాడీ వ్యవస్థేనా?

జవాబు: కాదు, మణికట్టు దగ్గర వేలికి తగిలేది ధమని, గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే గొట్టం. ఆ కొట్టుకోవడం గుండెది. నాడులకి సంబంధం లేదా అంటే ఉంది. సహానుభూత నాడులు గుండె వేగం పెంచుతాయి, పదో కపాల నాడి తగ్గిస్తుంది. కానీ కొట్టుకోమని చెప్పేది గుండెలోని కణాలే. గుండె మార్పిడిలో నాడులన్నీ తెగిపోయినా కొత్త గుండె ఆడుతూనే ఉంటుంది. తగ్గించే నాడి లేక మామూలు కంటే కాస్త వేగంగానే ఆడుతుంది. కాబట్టి పదో తరగతి పుస్తకంలో "నాడీ వ్యవస్థ" అని చదివిన పిల్లవాడు నాడి చూడటాన్ని దాంతో కలిపేస్తే వాడి తప్పేం కాదు, మాట అలా ఉంది.