పేలియోబయాలజీలో మార్కులు పేర్లకేనా?

నత్తగుల్ల అడిగారు:
ఈ సెమిస్టర్‌లో పేలియోబయాలజీ (శిలాజాల ద్వారా పాతకాలపు జీవులను చదివే సబ్జెక్టు) తీసుకున్నాను. ఇంతవరకూ చదివిందంతా జువాలజీ, రాళ్ళతో పరిచయం తక్కువ. సిలబస్‌లో థియరీ, ప్రాక్టికల్, రికార్డు, ఒక వ్యాసం, వైవా అని ఉంది. ఏది ఎలా దిద్దుతారో మాత్రం లేదు. సీనియర్లేమో "జీనస్ (ప్రజాతి) పేర్లు బట్టీ పట్టు, చాలు" అంటున్నారు. శిలాజాలు ట్రేలు ట్రేలు ఉన్నాయి, ట్రైలోబైట్లన్నీ (అంతరించిపోయిన, ఖండాల ఒళ్ళున్న సముద్ర జీవులు) నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. స్పాటింగ్ (స్పెసిమెన్‌ను చూసి గుర్తుపట్టే పరీక్ష) అంటేనే టెన్షన్‌గా ఉంది. నిజంగా పేర్లకేనా మార్కులు?

పాత డెమాన్‌స్ట్రేటర్:
చాలా ఏళ్ళు ప్రాక్టికల్ క్లాసుల్లో డెమాన్‌స్ట్రేటర్‌గా ఉన్నాను, రికార్డులు కట్టలకొద్దీ దిద్దాను. మార్కుల పంపకం ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ డిపార్ట్‌మెంట్ చెప్పిందే ఫైనల్. నేను దిద్దిన చోట మాత్రం పేరుకు వచ్చేవి కొన్నే. ఏం చూసి ఆ పేరు పెట్టారో, మిగతావన్నీ దానికే.

స్పాటింగ్‌లో బల్లల మీద వరసగా స్పెసిమెన్లు పెడతారు, బెల్లు కొట్టగానే పక్కదానికి జరగాలి. చాలామంది రాయి ముందు నిలబడగానే పేరు కోసం తడుముకుంటారు. అది గుర్తుకు రాకపోతే జవాబు ఖాళీగా వదిలేసి ముందుకెళ్తారు. అలా చేయకండి. ముందు కంటికి కనబడింది రాయండి. రెండు చిప్పలున్న జీవి వచ్చిందనుకోండి. ఏ చిప్పకు ఆ చిప్ప కుడి ఎడమలు సరిసమానంగా ఉండి, చిప్పలు రెండూ ఒకదానికొకటి తేడాగా ఉంటే అది బ్రాకియోపాడ్. మామూలు బైవాల్వ్‌లో (ఆల్చిప్పల లాంటివి) దీనికి రివర్స్: రెండు చిప్పలూ ఒకదానికొకటి ప్రతిబింబాలు, కానీ ఏ చిప్పనూ మధ్యకు గీత గీసి సమానంగా పంచలేం. ఈ రెండు వాక్యాలు రాసి జీనస్ తప్పు చెప్పినవాళ్ళకు నేను సగానికి పైగానే వేసేవాణ్ణి. "స్పిరిఫర్" అని బ్రాకియోపాడ్ జీనస్ పేరు ఒక్క మాట రాసి వెళ్ళిపోయినవాళ్ళకు, అది కరెక్టే అయినా, అన్ని పడేవి కావు.

వైవాలో నాకిష్టమైన ప్రశ్న కూడా ఇక్కడిదే. గ్రైఫియా అనే రెండు చిప్పల శిలాజం చేతిలో పెట్టేవాణ్ణి. కింది చిప్ప లోతుగా వంగి ఉంటుంది, పైది మూతలా చదునుగా ఉంటుంది. రెండూ సమానంగా లేవు కాబట్టి బ్రాకియోపాడ్ అనేసేవాళ్ళు. అప్పుడు "ఒక చిప్పనే విడిగా తీసుకుని చూడు" అనేవాణ్ణి. దాని కుడి ఎడమలు కలవవు, కాబట్టి అది బైవాల్వే. అంతవరకూ మాటల్లో నడిపించుకుని వచ్చినవాళ్ళకు, మొదట తప్పు చెప్పినా, మార్కులు తగ్గించలేదు. ఇంకొకటి: ఒక అమ్మోనాయిడ్ (చుట్టలు తిరిగిన పెంకున్న, అంతరించిపోయిన సముద్ర జీవి) మీద సూచర్ గీతలు (లోపలి గదుల గోడలు పెంకును తాకే చోట పడేవి) కనబడుతున్నాయి, పక్కదాని మీద లేవు, ఎందుకు? పక్కదానికి పై పెంకు ఇంకా ఉంది కాబట్టి. పెంకు పోయి లోపలి అచ్చు బయటపడితేనే ఆ గీతలు కనిపిస్తాయి. బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోయేవాళ్ళు.

ట్రైలోబైట్ల సంగతి: కళ్ళున్నాయా, నడుము దగ్గర ఖండాలెన్ని, తలతో పోలిస్తే తోక ఎంత, ఈ మూడూ చూడండి. ఆగ్నోస్టస్‌కు కళ్ళుండవు, ఖండాలు రెండే. ఫాకాప్స్ కంటిలో కటకాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఇక అన్నీ ఒకేలా ఎలా కనబడతాయి?

రికార్డులో బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. స్కేలు గీత, ఏ వైపు నుంచి చూసి గీశారో, భాగాల పేర్లు ఉండాలి. తోక విరిగి ఉంటే విరిగినట్టే గీయండి. పుస్తకంలో చూసి తోక అతికించి తెచ్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, స్పెసిమెన్ నా ముందే ఉంటుందని మర్చిపోయి!

గ్రాప్టొలైట్ అభిమాని:
సార్ చెప్పింది సగమే ఒప్పుకుంటాను. మా కోర్సులో బయోస్ట్రాటిగ్రఫీ (శిలాజాలను బట్టి రాతిపొరల వయసు తేల్చడం) ఎక్కువ, అక్కడ పేరు రాకపోతే ముందుకు వెళ్ళలేం. గ్రాప్టొలైట్ (గుంపుగా కలిసి బతికి అంతరించిపోయిన చిన్న సముద్ర జీవులు) అని చెప్పి ఊరుకుంటే వయసు తేలదు. వాటిలో మోనోగ్రాప్టస్ అనే జీనస్ అని పట్టుకుంటేనే ఈ రాయి ఆర్డోవిషియన్ కాలానిది కాదు, ఆ తర్వాతదని చెప్పగలం. కాలాన్ని పట్టిచ్చే జీనస్‌లు మాత్రం బట్టీ పట్టాల్సిందే.

మీది జువాలజీ కాబట్టి క్లాడోగ్రామ్ (జీవుల చుట్టరికాలు చూపే చెట్టు) ప్రశ్న వదలకండి. లక్షణాల పట్టిక ఇచ్చి, తక్కువ మార్పులతో చెట్టు గీయమంటారు. పూర్వీకుల నుంచి అందరికీ వచ్చిన లక్షణంతో గుంపు కట్టినా, ఆకారం ఒకేలా ఉందని ఇక్థియోసార్‌ను (అంతరించిపోయిన సముద్ర సరీసృపం) డాల్ఫిన్ పక్కన పెట్టినా మార్కులు పోతాయి.

నత్తగుల్ల:
ఇద్దరికీ థాంక్స్ అండీ. థియరీ, వ్యాసం కూడా ఇలాగేనా? లెన్స్ పరీక్షకు తెచ్చుకోనిస్తారా?

పాత డెమాన్‌స్ట్రేటర్:
గ్రాప్టొలైట్ల విషయంలో ఆయన మాటే కరెక్టు, నేను వాదించను.

థియరీలో డేటా ఇచ్చి అడిగే ప్రశ్నలను ఎక్కువ ప్రాక్టీస్ చేయండి. ఉదాహరణకు క్రెటేషియస్ చివర, అంటే 6.6 కోట్ల ఏళ్ళ కిందటి సరిహద్దు కింద, ఏ అమ్మోనైట్ (అమ్మోనాయిడ్లలో ఒక రకం) చివరిసారి ఏ పొరలో దొరికిందో చూపిస్తారు. ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చినట్టు ఉంటుంది. "క్రమంగా అంతరించాయి" అని రాస్తే సగం జవాబే. అరుదైన జీవి చివరి శిలాజం దాని అసలు అంతం కంటే ముందే ఆగిపోతుంది, కాబట్టి ఒక్కసారిగా పోయినా పటంలో క్రమంగా పోయినట్టే కనిపించవచ్చు. 1982లో సైనోర్, లిప్స్ చెప్పింది ఇదే. ఆ పేర్లు రాయకపోయినా తర్కం రాస్తే పూర్తి మార్కులే.

వ్యాసానికి హాలూసిజీనియా అనే ముళ్ళున్న పాతకాలపు సముద్ర జీవి మంచి అంశం. 1977లో ముళ్ళను కాళ్ళనుకుని తలకిందులుగా నిలబెట్టారు, 1991లో తిరగేశారు, తల ఎటువైపుందో 2015లో తేలింది. అయితే కథ చెప్పి ఆపేస్తే సగటు మార్కులే వస్తాయి. ఏ కొత్త ఆధారం వల్ల మార్చాల్సి వచ్చిందో ప్రతి మెట్టు దగ్గరా రాయాలి.

లెన్స్‌ను మా దగ్గర రానిచ్చేవాళ్ళు, మీ దగ్గర ముందే అడగండి. చెక్కిన పెన్సిల్ మాత్రం రెండు తెచ్చుకోండి. బెల్లు కొట్టాక చెక్కుకోవడానికి టైమ్ ఉండదు.