మేనకోడల్ని ఇంటికి పంపాలంటే ప్లాన్ రాసుకుని రమ్మన్నారు. ఏం రాయాలి?

మేనమామ_85:
మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. బావ తాగొచ్చి అక్కని కొడుతుంటే అడ్డం పోయింది, చెయ్యి విరిగింది. పక్కవాళ్లెవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. మర్నాడే సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ సమితి) ముందు హాజరుపరిచారు. ఇప్పుడు బాలసదనంలో ఉంది. పోయిన వారం సిట్టింగ్‌కి వెళ్తే అక్కడి మేడమ్, "బాగా చూసుకుంటామని అందరూ రాసిస్తారు. ఎట్లా చూసుకుంటారో ఇంటిల్లిపాదీ కూర్చుని రాసుకుని రండి" అన్నారు. మా ఇంట్లో నలుగురు కూర్చుంటే గొడవే. ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. మంగళవారం మళ్లీ పోవాలి, ఒకటే టెన్షన్.

అంగన్‌వాడీ_అక్క:
తమ్ముడూ, మా ఊళ్లో ఒకే ఇంటి విషయంలో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి తెల్లకాగితం మీద "ఇకపై తాగను" అని రాసి తండ్రి సంతకం పెట్టాడు. రెండు వారాలు కూడా నిలబడలేదు. రెండోసారి నాయనమ్మ నోరు తెరిచింది. "వాడు తాగేది కూలి డబ్బులొచ్చే శనివారం. ఆ రోజు బడి నుంచి పిల్లని నేరుగా నా దగ్గరికి తెచ్చుకుంటా, ఆదివారం సాయంత్రం దింపుతా" అంది. ఆ ముక్క మా ఎవ్వరికీ తట్టలేదు, ఎందుకంటే శనివారం సంగతి ఆమెకే తెలుసు. మీరూ అట్లాగే రాయండి. ఏ రోజు, ఎవరు, ఎక్కడికి, తలుపు తీసేదెవరు, వాళ్లు ఊళ్లో లేకపోతే ఇంకెవరు. "జాగ్రత్తగా చూసుకుంటాం" అనే మాట మాత్రం ఎక్కడా రాయొద్దు.

వేపచెట్టు:
ఇలాంటి చర్చల్లో నేను మాట్లాడను గానీ ఇక్కడ చెప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఇలాగే పెద్దమనుషులు కూర్చున్నారు. టీలు తాగారు, అమ్మకి సర్దుకుపొమ్మని చెప్పారు, నన్ను బాబాయి వాళ్లింట్లో ఉంచాలని తేల్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగుంటే పెద్దమ్మ దగ్గరికి పోతాననేదాన్ని. నాన్న దెబ్బల కన్నా బాబాయి ఇల్లంటేనే నాకు భయం. ఎందుకో ఇక్కడ రాయను. కుటుంబాన్ని కూర్చోబెట్టమంటే బలమున్నవాడి మాట చెల్లించమని కాదు కదా. ముందు పాపని అడగండి, అది కూడా ఎవరూ పక్కన లేనప్పుడు.

జిల్లా_కౌన్సెలర్:
వేపచెట్టు గారన్నది నూటికి నూరుపాళ్లు నిజం. లైంగిక వేధింపు అనుమానం ఏమాత్రం ఉన్నా ఈ కుటుంబ సమావేశం పద్ధతి పనికిరాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, ఇంట్లో మాట్లాడుకుని ముగించే విషయం కాదది.

మేనమామ గారూ, మీ కేసులో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మీ వైపే ఉంది. పిల్లల్ని హోంలో ఉంచడం చివరి మార్గమనే ఆ చట్టం అంటుంది. సామాజిక విచారణ నివేదిక, అంటే ఇంటి పరిస్థితి చూసి రాసే రిపోర్టు కోసం ఇంటికి వచ్చేవాళ్లకి పదిహేను రోజుల గడువుంటుంది. వాళ్లు వచ్చినప్పుడు ఇల్లు సర్ది చూపించడం మీద కన్నా, పాప పడుకునే చోటు చూపించడం మీద దృష్టి పెట్టండి. డబ్బు ఇబ్బందైతే పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అడగండి, నెలకి 4,000 వస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు.

ఇంకొకటి. మీ పోస్టులో పాప ఎక్కడికి పోవాలన్న ప్రశ్నే ఉంది. బావ ఎక్కడికి పోవాలని ఎవరూ అడగరేం? 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఆయన్ని ఆ ఇంట్లోంచి బయటికి వెళ్లమని ఆదేశించవచ్చు. మీ అక్కని ఆ చట్టం కింద పనిచేసే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆక్లాండ్_తెలుగు:
ఇక్కడ న్యూజిలాండ్‌లో 1989 చట్టంతోనే ఈ కుటుంబ సమావేశం పద్ధతి వచ్చింది. మావోరీల కుటుంబ పద్ధతుల నుంచి తీసుకున్నారు. ముందు అధికారులు ఉన్న విషయం ఉన్నట్టు చెప్తారు. తర్వాత లేచి బయటికి వెళ్లిపోతారు. గదిలో కుటుంబం మాత్రమే మిగులుతుంది. తాతలు, మేనత్తలు, అందరూ. వాళ్లు ఒక మాటకొచ్చాక లోపలికి పిలుస్తారు. విన్నప్పుడు మన పంచాయితీయేగా అనుకున్నా, కానీ మన దగ్గర పెద్దమనుషులు లోపల, పిల్ల తల్లి గుమ్మంలో.

మేనమామ_85:
అందరికీ దండాలు. ఆదివారం కూర్చున్నాం. గొడవ అయింది, మధ్యలో చిన్నమ్మ లేచి వెళ్లిపోయింది కూడా. అయినా ఒకటిన్నర పేజీ రాశాం. నెల రోజులు అక్కా పాపా మా ఇంట్లో, బావ చూడాలనుకుంటే పగలు, మా అమ్మ ముందే. మంగళవారం మేడమ్ చదివి, పాపని లోపలికి పిలిచి విడిగా మాట్లాడారు. మాకు తర్వాత చెప్పారు: మళ్లీ రాత్రి భయమేస్తే ఎక్కడికి పోతావంటే "కిరాణా కొట్టు ఆంటీ దగ్గరికి" అందట. మా కాగితంలో పదకొండు పేర్లున్నాయి, ఆ పేరు లేదు. చేర్చుకుని రమ్మన్నారు. శుక్రవారం ఇల్లు చూడటానికి వస్తారు.

అంగన్‌వాడీ_అక్క:
ఆ కిరాణా ఆవిడని అడిగారా మరి? ఆమెకి చెప్పకుండా పేరు రాసేరు!

మేనమామ_85:
అడిగాం అక్కా. షట్టర్ దించేశాకైనా సరే, పెరటి తలుపు కొట్టమని చెప్పమంది.