ఉన్ని డైపర్ కవరు వదులైంది: ఎంతవరకు కుదించొచ్చు? లానోలిన్ ఎలా పట్టించాలి?

ప్రశ్న (రాజోలు):
5 నెలల పాపకి గుడ్డ డైపర్ మీద వేసే, చేత్తో అల్లిన ఉన్ని కవరండి. తొడల దగ్గర వదులుగా ఉంది, తెల్లారేసరికి పక్క తడిసిపోతోంది. వేడినీళ్లలో వేస్తే దగ్గరపడుతుందంటున్నారు, ఎంతసేపు ఉంచాలి? మాది ఉప్పునీటి బోరు.

జవాబు (భీమవరం):
ముందు అది నిజం ఉన్నేనా చూడండి. లోపలి అంచు నుంచి చిన్న పోగు లాగి వెలిగించండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, మసిని వేళ్లతో నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా అవుతుంది. మన షాపుల్లో ఉన్ని ఉండలని అమ్మేవి చాలావరకు అక్రిలిక్కేనండి, అది ఉన్నిలా బిగవదు. లేబుల్ మీద సూపర్‌వాష్ (మెషీన్‌లో ఉతికినా బిగవకుండా తయారుచేసిన ఉన్ని) అని ఉన్నా ఆశ పెట్టుకోకండి.

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుస్తాయి. ఒకసారి బిగిసింది మళ్లీ విడదు. అందుకే మెషీన్‌లో వేసి వదిలెయ్యకండి, చేత్తోనే చెయ్యండి.

నడుము, తొడ, పొడవు కొలిచి రాసుకోండి. ఎలాస్టిక్ ఉంటే తీసేయండి. కవరు లోపల పల్చటి ప్లాస్టిక్ సంచి పెట్టండి, లేకపోతే ముందూ వెనకా అతుక్కుపోతాయి. ఒక బకెట్లో మరిగే నీళ్లు, మామూలు నీళ్లు సమంగా కలిపి ఒక చెంచా సబ్బు తురుము వెయ్యండి. రెండో బకెట్లో చల్లనీళ్లు. రబ్బరు గ్లోవ్స్ వేసుకుని 2 నిమిషాలు పిసకండి, చల్లనీళ్లలో ముంచండి, ఒత్తి, కొలవండి. మళ్లీ అంతే. మొదటి రెండు మూడు విడతల్లో ఏమీ కానట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా బిగుస్తుంది. తొందరపడి ఎక్కువసేపు పిసికితే కవరు పోయేది అక్కడే. కావలసిన కొలతకి అర అంగుళం ముందే ఆపెయ్యండి.

అల్లిక సాధారణంగా వెడల్పు కన్నా పొడవులో ఎక్కువ తగ్గుతుంది. మీకు వదులు తొడల దగ్గరే కాబట్టి మొత్తం ముంచొద్దు, ఆ అంచులు మాత్రమే ముంచి రుద్దండి.

జవాబు (అమలాపురం):
పక్క తడవడానికి వదులొక్కటే కారణం కాదండి, లానోలిన్ (తడిని ఆపే, గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే మైనంలాంటి జిడ్డు) పోయినా అంతే. కవరు మీద ఒక నీటిబొట్టు వెయ్యండి. ముత్యంలా నిలిస్తే ఉన్నట్టు, వెంటనే ఇంకిపోతే పోయినట్టు. ఎలాగూ సబ్బుతో పిసికాక మళ్లీ పట్టించాల్సిందే.

బాలింతల చనుమొనలకి రాసే స్వచ్ఛమైన లానోలిన్ మందుల షాపులో దొరుకుతుంది. అర చెంచా లానోలిన్, నాలుగైదు చుక్కల బేబీ షాంపూ, ఒక గ్లాసు బాగా వేడి నీళ్లు సీసాలో పోసి గిలకొట్టండి. పాలలా తెల్లగా అవ్వాలి. పైన పసుపు నూనె తేలిందంటే షాంపూ చాలలేదు. అలాగే పోస్తే కవరు మీద జిగురు మచ్చలు పడతాయి. ఈ పాలని 2 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి, తడిపిన కవరుని తిరగేసి రాత్రంతా నాననివ్వండి. తెల్లారాక పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. వేలాడదీస్తే సాగిపోతుంది.

ఉప్పు బోరునీళ్లు దీనికి పనికిరావు, తెల్లటి తెట్టు కట్టి పాలు విరిగినట్టవుతుంది. వాననీళ్లు గాని, మంచినీళ్ల టిన్ను గాని వాడండి.

ఉచ్చ మాత్రమే పడితే గాలికి ఆరేసి మళ్లీ వాడొచ్చు. రెండు మూడు వారాలకో, వాసన వచ్చినప్పుడో ఉతికితే చాలు. కుంకుడు రసం ఉన్నికి చాలా మంచిది. తెల్ల ఉన్ని కాస్త పచ్చబడుతుందంతే. వాషింగ్ సోడా, బ్లీచింగ్, ఎంజైములున్న పొడులు మాత్రం వద్దు. ఉన్ని వెంట్రుకలాంటిదే, వాటికి తినుకుపోతుంది.

ప్రశ్న (రాజోలు):
ముసురు పడితే రెండ్రోజులైనా ఆరట్లేదు. దాచేటప్పుడు కలరా ఉండలు వేయొచ్చా?

జవాబు (అమలాపురం):
పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు అస్సలు వద్దండి. జీ6పీడీ (ఎర్రరక్తకణాలని కాపాడే ఎంజైము) లోపం పుట్టుకతో ఉన్న బిడ్డకి ఆ ఆవిరి తగిలితే ఎర్రకణాలు విరిగి కామెర్లు రావచ్చు. కర్పూరమూ వద్దు. ఉతికి, పూర్తిగా ఆరాక గాలి చొరబడని సంచిలో కట్టండి. ముసుర్లో నవారు మంచం మీద పరిచి, కింద నుంచి టేబుల్ ఫ్యాను పెట్టండి. మూడు కవర్లుంటే ఒకటి వంటి మీద, ఒకటి ఆరుతూ, ఒకటి చేతికందేలా ఉంటుంది.