‘ప్రాప్తి గలుగు చోట’నా, ‘ప్రాప్తమున్న చోట’నా?

సాగరలేఖ: మసెల్ అనే సముద్రపు చిప్పల మీద వ్యాసం రాస్తూ వేమన పద్యంలో మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ‘చిప్పలోన బడ్డ చినుకు ముత్యంబాయె, నీట బడ్డ చినుకు నీట గలిసె’ వరకు అనుమానం లేదు. తరువాత ‘ప్రాప్తి గలుగు చోట ఫలమేల తప్పురా’లో ‘ప్రాప్తి గలుగు’నా, ‘ప్రాప్తమున్న’నా? ఈ చిప్పలు అండాలనూ శుక్రకణాలనూ నేరుగా నీటిలోకే వదిలేస్తాయి. రెండు జాతులవి ఒకే అలలో కలిసినప్పుడు ఎవరికి ఎవరు దక్కుతారన్నదే నా విషయం.

యతిమైత్రి: ‘ప్రాప్తి గలుగు’. అయితే ఛందస్సుతో తేలదు. ‘గలుగు’ నగణం, ‘మున్న’ హగణం, రెండూ ఈ చోట ఇమిడే సూర్యగణాలే. ‘ఫలమేల’తో యతి ఎలాగూ చెల్లుతుంది.

పాతబడి: అసలు ‘ప్రాప్తి’ కాదు, ‘బ్రాప్తి’. ‘గలిసె’ చివరి ద్రుతం, అంటే ‘న్’, తరువాతి ‘ప’ను ‘బ’ చేస్తుంది; దాన్ని మింగేస్తే ఎలా?

యతిమైత్రి: పాదాన్ని విడిగా ఉదహరిస్తే ‘ప్రా’ అనే రాయాలి.

కడలిచూపు: అక్షరం సరే, అర్థం మాటేమిటి? ప్రాప్తి అంటే నుదుటిరాత అయితే ఈ పద్యం వ్యాసానికి పనికిరాదు. శుక్రకణం తల కొసన చిన్న సంచి ఉంటుంది. అండాన్ని తాకగానే అది విచ్చుకుంటుంది. అందులోని లైసిన్ ప్రోటీన్లు అండం చుట్టూ ఉన్న పొరను కరిగించి దారి చేస్తాయి. మైటిలస్ ఎడ్యులిస్, గాలోప్రొవిన్షియాలిస్, ట్రోసులస్ అనే మూడు మసెల్ జాతుల్లో ఎం7 అనే లైసిన్‌ను పోల్చి చూసిన 2003 నాటి పరిశోధనలో, ఈ ప్రోటీన్ మార్పులను ప్రకృతి వరణమే ముందుకు నెట్టిన జాడలు కనిపించాయి. ఇది అదృష్టం కాదు, అర్హత.

ముత్యాలవాన: అర్హత కావాలంటే వేమనను వదిలి, భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి దగ్గరికి రండి. నీరు ‘శుక్తిలోఁ బడి మణిత్వము గాంచు’, అంటే ముత్యపుచిప్పలో పడి ముత్యమవుతుంది! వేమన చినుకుకు రెండే గతులు. ఈయన కాలిన ఇనుము, తామరాకు, ముత్యపుచిప్ప అని మూడు చూపించాడు. పైగా మసెల్ అంటే ముత్యపుచిప్ప కాదు. పీచులాంటి దారాలతో రాయిని కరుచుకుని ఉండే నల్లటి చిప్ప అది.

సాగరలేఖ: ముత్యం మీరే ఉంచుకోండి, నాకు చినుకు చాలు.

కడలిచూపు: ‘అబలోని’ అనే సముద్రపు నత్తల్లో లైసిన్ సొంత జాతి అండపు పొరను చప్పున కరిగిస్తుంది, పరాయి పొర దగ్గర తడబడుతుంది. మసెళ్లలో అంత కట్టడి లేదు. ఐరోపా అట్లాంటిక్ తీరంలో ఎడ్యులిస్, గాలోప్రొవిన్షియాలిస్ కలిసే చోట్ల సంకర సంతానం మామూలే. ‘ఫలమేల తప్పురా’ అన్నది అక్కడ మరీ నిజం!

యతిమైత్రి: ప్ర, ఆప్తి కలిస్తే ‘చేరుకోవడం’. అర్హత ఎక్కడినుంచి వచ్చింది? మీ శుక్రకణం పొర దాకా చేరినా లోపలికి పోలేకపోవచ్చు. వేమన ఆ రెండో గడప జోలికే పోలేదు.

పాతబడి: జనం నోట ప్రాప్తం అంటే రాసిపెట్టి ఉండడమే. వేమన జనం మాట వదిలి వ్యుత్పత్తి వెతుక్కుంటాడా?

ముత్యాలవాన: లక్ష్మణకవి ‘సమంచితప్రభన్’ తరువాత ‘బౌరుష’ అన్నాడు, ‘పౌరుష’ అనలేదు. ‘బ్రాప్తి’కి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

పాతబడి: ‘బ్రా’ అన్నది నేనే! అయినా లక్ష్మణకవి ఉత్పలమాల సాక్ష్యం వేమన ఆటవెలదికి ఎందుకండీ? రెండో పాదంలోనే ‘నీట గలిసె’ అని ఉంది, చూసుకోండి.

యతిమైత్రి: ‘నీట కలిసె’ అని కూడా పాడతారు. ముందు అది తేల్చండి.