కరావోకేలో పాడటానికి నిదానంగా సాగే జపనీస్ పాటలు చెప్పండి

ఫ్రెండ్స్‌తో కరావోకేకి వెళ్తున్నాం. హిరగానా (జపనీస్ తేలిక అక్షరాలు) చదవగలను కానీ మెల్లగా, స్పీడ్ పాటైతే లైన్ పూర్తయ్యేలోపు స్క్రీన్ మారిపోతుంది. గొంతు కూడా పెద్దగా పైకి వెళ్లదు. ఏవి పాడొచ్చు?

జవాబు 1: క్యూ సకమోతో 1961లో పాడిన 'ఉఎ ఓ ముయితే అరుకో' కళ్లు మూసుకుని పెట్టేయండి. మరీ స్లో కాదు గానీ మాటలు విడివిడిగా పడతాయి, మధ్యలో ఈల వేసే చోట కాస్త ఊపిరి కూడా తీసుకోవచ్చు. 1963లో అమెరికాలో నంబర్ వన్ అయిన పాట కాబట్టి ట్యూన్ చాలామందికి తెలిసే ఉంటుంది, మీరు తడబడినా పక్కవాళ్లు అందుకుంటారు.

జవాబు 2: 'ఫురుసాతో' ఇంకా తేలిక, 1914 నాటి స్కూల్ పాట. పార్టీ మూడ్‌కి మాత్రం సెట్ కాదు 😄

జవాబు 3: స్లో అంటే ఈజీ అనుకోకండి. మిసోరా హిబారి 'కవా నో నగారె నో యో ని' మొదట్లో మాట్లాడినట్టే ఉంటుంది, పల్లవికొచ్చేసరికి అమాంతం పైకి లేస్తుంది. రిమోట్‌లో కీ (శ్రుతి) తగ్గించుకోండి. కంజీ (చైనా నుంచి వచ్చిన కష్టమైన గుర్తులు) గురించి టెన్షన్ వద్దు, వాటి పైన చిన్న హిరగానా మామూలుగా వేస్తారు.