నానో యూరియా సీసా నిజంగా కట్టకు బదులవుతుందా? చవకైన నానో ఎరువంటే ఏది?

వరిమడి (ఖమ్మం జిల్లా)
ఒక విషయం తేల్చి చెప్పండి. 2025 వానాకాలంలో యూరియా కోసం తెల్లవారుజామున నాలుగింటికి లైన్లో చెప్పులు పెట్టి వచ్చాను. ఎండెక్కాక రెండు కట్టలు దొరికాయి. నానో యూరియా సీసాలు (యూరియాను అతి చిన్న రేణువులుగా చేసిన ద్రవం, ఆకు మీద కొట్టేది) కూడా తీసుకోవాల్సిందేనన్నాడు షాపతను. రెండు సీసాలు 450 రూపాయలు. కట్ట చేసే పని సీసా చేస్తుందంటే నమ్మి, ఒక ఎకరంలో ఆఖరి పైపాటు యూరియా ఆపేసి సీసా మందు కొట్టాను. పక్క ఎకరంలో కట్ట చల్లాను. పది రోజుల తర్వాత గట్టు మీద నిలబడి చూస్తే రెండు మడుల మధ్య గీత గీసినట్టుంది. సీసా కొట్టిన వైపు పైరు పాలిపోయి, కింది ఆకులు పసుపు తిరిగాయి. కోతప్పుడు అటువైపు నాలుగు బస్తాల వడ్లు తక్కువొచ్చాయి. దీన్ని చవకైన ఎరువని ఎలా అనాలి?

పీజీ_అగ్రి (బాపట్ల)
అన్నా, బలవంతంగా అంటగట్టడం తప్పే, అందులో వాదన లేదు. కానీ నానో అనే ఆలోచననే కొట్టిపారేయొద్దు. మడిలో చల్లిన యూరియాలో సగానికి పైగా పైరుకు అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో కొట్టుకుపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. ఆకు మీద కొడితే ఆ నష్టం చాలా తగ్గుతుంది. 2021లో వచ్చిన మొదటి సీసాలో, యూరియా నుంచి పైరుకు కావాల్సిన నత్రజని 4 శాతమే. తర్వాత 20 శాతం రకం వచ్చింది. ఒక్క ఎకరం చూసి తీర్పు చెప్పలేం కదా.

రిటైర్డ్_ఏఈఓ
తమ్ముడూ, శాతాలు వదిలేసి గ్రాముల్లో చూడు. 45 కిలోల కట్టలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 4 శాతం ఉన్న అర లీటరు సీసాలో 20 గ్రాములు. కొత్త సీసాలో 100 గ్రాములు. టన్ను వడ్లు పండటానికి పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. కట్టలో నాలుగింట మూడు వంతులు వృథా పోయినా పైరుకు 5 కిలోలు మిగులుతుంది. సీసాలోది ఒక్క చుక్క పోకుండా ఆకులోకి వెళ్లినా 100 గ్రాములు దాటదు. రేణువు ఎంత చిన్నదైనా లేని నత్రజనిని పుట్టించలేదు.

ఇది నా ఒక్కడి లెక్క కాదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పరీక్షించి, సీసాతో యూరియా తగ్గించిన చోట వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం పడిపోయిందని చెప్పింది. 2023లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రచారానికి సైన్స్ ఆధారం లేదని రాశారు.

కౌలురైతు (తెనాలి వైపు)
నాకైతే మొక్కజొన్నలో పనిచేసింది సార్. వానలకు చేను నీళ్లలో ఉండి ఎర్రబారింది. సీసా కొట్టిన వారానికి పచ్చబడింది. కాకపోతే నేను యూరియా ఆపలేదు, వేయాల్సింది వేస్తూనే కొట్టాను. ట్యాంకు మోసే మనిషి కూలి కూడా కలుపుకుంటే సీసా అంత చవకేం కాదు.

రిటైర్డ్_ఏఈఓ
యూరియా వేస్తూనే కొట్టావు కాబట్టి పచ్చదనం దేని వల్ల వచ్చిందో చెప్పలేం. ముంపు తగ్గాక మేం ఎప్పటి నుంచో చెప్పేది, లీటరు నీటికి 20 గ్రాముల మామూలు యూరియా కలిపి కొట్టమని. ఎకరాకు 200 లీటర్లంటే 4 కిలోలు. కట్ట ధర 266.50 రూపాయలు కాబట్టి ఖర్చు 24 రూపాయలే. నత్రజని మాత్రం 1.8 కిలోలు అందుతుంది. కూలి ఎటూ ఒకటే. పేదవాడికి ఏది చవక?

పీజీ_అగ్రి
సార్, లెక్క ఒప్పుకుంటున్నాను. నేను కూడా నానో అంటే సీసానే అన్నట్టు మాట్లాడాను. శ్రీలంక శాస్త్రవేత్తలు 2017లో వేరే దారి చూపించారు. ఎముకల్లో ఉండే హైడ్రాక్సీఅపటైట్ ఖనిజాన్ని నానో రేణువులుగా చేసి, ఒక పాలు రేణువులకు ఆరు పాళ్ల యూరియా పట్టించారు. అది నీళ్లలో ఒక్కసారే కరిగిపోకుండా మెల్లగా వదులుతుంది. రైతుల పొలాల్లో సగం యూరియాతోనే వరి దిగుబడి నిలబడిందని వాళ్లు చెప్పారు. నత్రజని అక్కడ కిలోల్లోనే ఉంది, నానో పని దాన్ని పట్టి ఉంచడం. నాకు ఆశ ఉన్నది దీని మీదే. మన కోస్తాలో రొయ్య పెంకులు గుట్టలుగా పడుంటాయి. వాటి నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థంతో కూడా ఇలాంటి పూత వేయొచ్చు. కానీ పెంకు శుద్ధికి యాసిడ్, క్షారం, బోలెడు నీళ్లు కావాలి. ఖర్చంతా అక్కడే. దాన్ని తగ్గించే పరిశోధనకు డబ్బు పెట్టాలి.

రిటైర్డ్_ఏఈఓ
ఇప్పుడు దారిలోకొచ్చావు. జింకు సంగతి కూడా చూడండి. పైరుకు అది గ్రాముల్లోనే కావాలి. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో (నాటుకు ముందు బురద దున్నేటప్పుడు) వేయమంటున్నాం, అందులో ఎక్కువ భాగం మట్టిలోనే చిక్కుకుపోతోంది. నానో జింక్ అక్కడ అక్కరకొస్తుందేమో పరీక్షించాలి.

వరిమడి
సార్, ఈ యాసంగికి పది గుంటలు విడిగా పెడతాను. మూడు మడులు చేసి మధ్యలో గట్లు వేస్తా. ఒకదానికి కట్ట, ఒకదానికి సీసా, ఒకదానికి మీరు చెప్పిన 20 గ్రాముల ద్రావణం. ఒకే రోజు నాటు, ఒకే నీళ్లు. ఎన్ని కుదుళ్లలో పిలకలు లెక్కపెట్టాలో, ఏ రోజున లెక్కపెట్టాలో రాయండి. కోత రోజు మూడు మడుల వడ్లూ విడివిడిగా తూచి ఇక్కడే పెడతాను. తమ్ముడూ, వీలైతే కోతకు నువ్వూ రా.